గేటు దాటని కాసు

మా అమ్మాయి వాళ్లు అమెరికాలో షార్లెట్ నగరంలో ఉంటారు. నిరుడు వెళ్లినప్పుడు ఒక ఆదివారం నన్ను పాతసామాన్ల కొట్టుకు తీసుకెళ్లారు. ఆగిపోయిన గడియారాలు, అంచులు విరిగిన పింగాణీ పళ్లేలు, ఎవరి ముత్తాతలవో తెలియని ఫొటోలు. అల్లుడు ఒక దీపాన్ని తిప్పితిప్పి చూస్తుంటే నేను గల్లాపెట్టె పక్కనున్న గాజుపళ్లెం దగ్గర ఆగాను. పళ్లెం నిండా బిళ్ళలు. ఇత్తడివి, నికెలువి, ఊదితే ఎగిరేలా ఉన్న అల్యూమినియంవి. కొన్నిటికి నడిమధ్య చిల్లు, కొన్నిటికి అక్షరం ఆకారంలో కత్తిరించిన కంత. ఒకటి చేతిలోకి తీసుకున్నాను. ఒకవైపు 'ఐదు సెంట్ల సరుకుకు చెల్లును' అని ఉంది. రెండోవైపు 'బదిలీ చేయరాదు' అని. కంపెనీ పేరు ఉండాల్సిన అంచు వేళ్ల రాపిడికి నున్నగా అరిగిపోయింది.

కొట్టాయన్ను అడిగితే దాన్ని స్క్రిప్ అంటారన్నాడు. గనుల్లో, కలప కోసే మిల్లుల్లో, బట్టల మిల్లుల్లో పనివాళ్లకు డబ్బుకు బదులు ఇచ్చేవారు. దాంతో కంపెనీ వాళ్ల కొట్లోనే సరుకు కొనుక్కోవాలి. ఆ ఐదు సెంట్ల బిళ్ళ ధర ఇప్పుడు నాలుగు డాలర్లు. ఇచ్చి జేబులో వేసుకున్నాను. కారెక్కాక కూడా జేబులోంచి చెయ్యి తీయలేదు.

ముప్ఫై రెండేళ్లు నేను ఒక స్పిన్నింగు మిల్లు టైం ఆఫీసులో గుమస్తాగా పనిచేశాను. మస్టరు రాయడం, హాజరు కూడడం, ఓవర్‌టైం లెక్క కట్టడం, ప్రతి నెలా ఏడో తారీకు లోపు జీతాల కిటికీ తెరవడం నా పని. వెయ్యిమంది కంటే తక్కువ పనివాళ్లున్న చోట ఏడో రోజు దాటకుండా జీతమివ్వాలని 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం చెప్పేది. ఆ చట్టంలోనే ఆరో సెక్షను ఒకటుండేది. జీతాన్ని చెలామణీలో ఉన్న నాణేలుగా గానీ నోట్లుగా గానీ ఇవ్వాలన్నది దాని సారం. చెక్కులు, బ్యాంకు ఖాతాలు ఆ తర్వాతెప్పుడో వచ్చి చేరాయి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ సెక్షను ఎందుకు రాశారో నాకు అర్థం కాలేదు. జీతం డబ్బుగా కాకపోతే ఇంకెలా ఇస్తారు? ఎవరైనా వేరేలా ఇస్తేనే కదా చట్టం అంత కచ్చితంగా చెప్పాల్సి వస్తుంది అన్న ఆలోచన అప్పట్లో రాలేదు.

వచ్చిన రోజు నాకిప్పటికీ గుర్తే. 1980ల్లో ఒక దసరా ముందు. పండగ అడ్వాన్సు నగదుగా కాకుండా కూపన్లుగా ఇస్తామని మిల్లు నోటీసు బోర్డులో పెట్టారు. గులాబీరంగు కాగితం, ముద్ర, సంతకం. గేటు పక్కనున్న స్టోరులో చూపిస్తే బియ్యం, నూనె, బట్ట, ఏదైనా ఇస్తారు. డబ్బుకు కటకటగా ఉంది, సరుకైతే సర్దగలం అని పైవాళ్లు చెప్పిన కారణం. నేను కిటికీ తెరిచి కూపన్ల కట్ట ముందు పెట్టుకుని కూర్చున్నాను. వరసలో మొదట రీలింగు ఆడవాళ్లు. అందరికంటే ముందున్నావిడ నాకంటే పదేళ్లు పెద్దది. తలమీద దూదిపింజలు అలాగే ఉన్నాయి. నేనిచ్చిన కూపను తీసుకుని అటూ ఇటూ తిప్పింది. ఆవిడకు చదువు రాదు.

"బాబూ, మా చెల్లెల్ని చీరాల కాడ ఇచ్చాం. పండక్కి అక్కడికి పోవాల. ఇది మా చెల్లెలి ఊళ్లో చెల్లుద్దా?" అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. "చెల్లదక్కా" అన్నాను చివరికి. ఆవిడ కూపను కిటికీలోంచి నా వైపుకే నెట్టి, పక్కకు తప్పుకోకుండా అక్కడే నిలబడింది. వెనకున్న వాళ్లూ కదల్లేదు. మధ్యాహ్నం షిఫ్టు కూత కూసేదాకా ఎవరూ ఒక్క కూపనూ పుచ్చుకోలేదు. రెండ్రోజులకు నగదు వచ్చింది. ఆ తర్వాత నా సర్వీసులో మళ్లీ కూపన్ల మాట వినలేదు.

ఆ బిళ్ళను పట్టుకున్నప్పుడు నా వేళ్లకు తగిలింది ఆ కిటికీయే. ఆ తర్వాత నెల రోజులు షార్లెట్ లైబ్రరీలో కూర్చుని ఈ బిళ్ళల గురించి దొరికినవన్నీ చదివాను.

పద్ధతి ఇది. మిల్లు ఏటి ఒడ్డున ఉండేది, గని కొండల మధ్య. దగ్గర్లో ఊరు లేదు గనక కంపెనీయే ఊరు కట్టేది. ఇళ్లు కంపెనీవి, బడి కంపెనీది, చర్చికి నేల కంపెనీది, కొట్టూ కంపెనీదే. జీతం రెండు వారాలకో నెలకో ఒకసారి. చేతిలో చిల్లిగవ్వ లేకుండా పిల్లాజెల్లాతో వచ్చి చేరిన కాపుదనపు కుటుంబం అన్నాళ్లు ఏం తిని బతకాలి? అందుకని కొట్టు పక్కన ఒక కిటికీ. పనివాడు వెళ్లి అడిగితే గుమస్తా పద్దు తీసి, అతను అప్పటిదాకా చేసిన పనికి ఎంత రావాలో చూసి, అందులోంచి డాలరో రెండు డాలర్లో బిళ్ళలుగా లెక్కపెట్టి ఇస్తాడు. జీతాల రోజున ఇంటద్దె, బొగ్గు, డాక్టరు చందా, పనిముట్ల ఖర్చు, వీటితోపాటు తీసుకున్న బిళ్ళల విలువ కోసుకుని మిగిలింది డబ్బుగా ఇస్తారు. మిగలని నెలలు చాలా ఉండేవి. అప్పుడు మళ్లీ అదే కిటికీ, మళ్లీ బిళ్ళలు.

అద్దె, సరుకు, బాకీ ఒకే పద్దులో ఉంటే ఏమవుతుందో పద్దులు రాసినవాడిగా నాకు తెలుసు. జీతం ఇచ్చేవాడే అమ్మేవాడు, అమ్మేవాడే ఇంటివాడు. మనిషి పని మానేస్తే అదే రోజు ఇల్లు పోతుంది, సరుకు ఆగుతుంది. తాళం వేయక్కర్లేదు, కావలి పెట్టక్కర్లేదు. పద్దు పుస్తకమే ప్రహరీ.

బిళ్ళలు చేసి అమ్మడమే ఒక పెద్ద వ్యాపారంగా నడిచింది. ఒహాయో రాష్ట్రంలో డేటన్‌లోని ఇంగిల్-షియర్లో కంపెనీ, సిన్సినాటిలోని ఆస్బోర్న్ రిజిస్టర్ కంపెనీ దీంట్లో పేరు మోసినవి. సెంటు నుంచి డాలరు దాకా విలువలు. నాణెమనుకుని పొరబడకుండా, ఒక కంపెనీ బిళ్ళ ఇంకో కంపెనీ కొట్లో మారకుండా, నడుమ రకరకాల కంతలు. కంత చూస్తే ఎవరిదో తెలిసిపోతుంది. అలబామా గనుల్లో వీటిని క్లాకర్లు అనేవారు, దక్షిణాది కలప మిల్లుల దగ్గర డూగలూలు అనేవారు. పేర్లు ముద్దుగానే ఉన్నాయి. చేతిలో రోజూ ఆడే వస్తువుకి మనుషులు ముద్దుపేరు పెట్టకుండా ఉండలేరు.

'బదిలీ చేయరాదు' అని ముద్ర వేసినా బదిలీ కాక మానలేదు. ఊళ్లో పిల్లాడికి జబ్బు చేస్తే మందు కంపెనీ కొట్లో లేకపోవచ్చు. రైలెక్కి అమ్మను చూడబోవాలంటే టికెట్టుకు డబ్బే కావాలి. అప్పుడు బిళ్ళలు పట్టుకుని బయటి వర్తకుడి దగ్గరకు పోయేవాళ్లు. అతను డాలరు విలువకు ఎనభై సెంట్లో అంతకన్నా తక్కువో చేతిలో పెట్టేవాడు. కష్టపడి సంపాదించిన డబ్బును మనిషి మళ్లీ డబ్బు పెట్టి కొనుక్కోవాలన్నమాట.

మనవైపు చిల్లు కాణీ గుర్తున్నవాళ్లు ఇంకా ఉన్నారు. యుద్ధకాలంలో రాగి ఆదా కోసం 1943 నుంచి నడుమ చిల్లుతో వేసిన కాణీ అది. మా నాయనమ్మ దాన్ని మా చిన్నాన్న మొలతాడుకు కట్టిందట. విలువలో అంతకు మించి చిన్న నాణెం వెతకాల్సిందే. కానీ ఆ కాణీ తెనాలిలో చెల్లేది, కాశీలో చెల్లేది, దారిలో ఏ స్టేషన్లో దిగినా చెల్లేది. నా జేబులో ఉన్న బిళ్ళకు కూడా అలాంటి చిల్లే ఉంది. అది మాత్రం కొట్టు మెట్లు దిగితే చెల్లని కాసు.

ఈ బిళ్ళ పుట్టుక మాత్రం ఇంత చెడ్డది కాదు. పద్దెనిమిదో శతాబ్దం చివర బ్రిటన్లో వెండి చిల్లర కరువైంది. కొత్తగా లేచిన నూలుమిల్లులకు వారంవారం వందలమందికి జీతాలివ్వాలి, ఇవ్వడానికి నాణేల్లేవు. అప్పుడు స్పెయిన్ వెండి డాలర్లు తెప్పించి, వాటి మీద తమ ముద్ర, విలువ కొట్టి ఇచ్చారు. డెర్బీషైర్‌లో ఆర్క్‌రైట్ కుటుంబం వారి క్రామ్‌ఫర్డ్ మిల్లు ముద్రతో నాలుగు షిల్లింగుల తొమ్మిది పెన్నీలవి, స్కాట్లండులో లానార్క్, రోథ్సే, డీన్‌స్టన్ మిల్లుల ముద్రలతో ఉన్నవి ఇప్పటికీ మ్యూజియాల్లో ఉన్నాయి. అవి నిజమైన వెండివి. కరిగించినా వెల వచ్చేది. ఆ వెండి పోయి తగరం, కాగితం వచ్చి, వాటిమీద సరుకు బేరం కట్టేసరికి కథ మారింది. పనివాళ్లను దోచే ఇలాంటి కొట్లకు ఇంగ్లీషువాళ్లు టామీ షాపులని పేరు పెట్టారు. డబ్బుకు బదులు సరుకిచ్చే ఈ ట్రక్కు పద్ధతిని 1831లో పార్లమెంటు చాలా పరిశ్రమల్లో నిషేధించింది. మన 1936 చట్టానికి పెద్దమ్మ ఆ చట్టమే.

లానార్క్ మిల్లు పేరు తలిచాక రాబర్ట్ ఓవెన్ గురించి ఒక మాట చెప్పకుండా పోలేను. న్యూ లానార్క్‌లో ఆయన కూడా మిల్లు తరఫున కొట్టు నడిపాడు. కానీ సరుకు టోకున కొని, దాదాపు కొన్న ధరకే మంచి సరుకు ఇచ్చి, వచ్చిన కాస్త లాభాన్ని పిల్లల బడికి పెట్టాడు. కంపెనీ కొట్టు అన్నంత మాత్రాన దోపిడీ కానక్కర్లేదనడానికి ఆయనే సాక్ష్యం. అయినా నాకు ఓవెన్ కొట్టుకన్నా రాచ్‌డేల్ కొట్టంటేనే గౌరవం. ఓవెన్ మంచివాడు గనక అక్కడ మంచి జరిగింది. రాచ్‌డేల్‌లో ఎవరి మంచితనం మీదా ఆధారపడలేదు. నేతపనివాళ్లు, చేతిపనివాళ్లు 28 మంది కలిసి 28 పౌన్లు పోగేసి, 1844 డిసెంబరు 21న టోడ్ లేన్ అనే సందులో సొంతంగా కొట్టు తెరిచారు. మొదట్లో అమ్మింది వెన్న, పంచదార, పిండి, ఓట్స్ నూక, అంతే. కల్తీ లేదు, తూకంలో మోసం లేదు, కొన్నదాన్ని బట్టి లాభంలో వాటా. సహకార సంఘాల ఉద్యమం లోకమంతా పాకింది అక్కడి నుంచే. తర్వాత తర్వాత ఆ సహకార కొట్లు కూడా బిళ్ళలు వేశాయి. రొట్టె బిళ్ళ, పాల బిళ్ళ, లాభంలో వాటాకి లెక్క బిళ్ళ. అదే తగరం, అదే గుండ్రం. కానీ వాటి వెనక ఉన్న కొట్టు వాళ్లదే.

ఆ చదువులో రియో బ్లాంకో అనే మిల్లు ఊరి కథ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఇంత చదివినదాంట్లో నన్ను నిద్రపోనివ్వనిది అదే.

మెక్సికోలో వెరాక్రూజ్ రాష్ట్రం, ఒరిజాబా లోయ. 1892లో అక్కడ ఫ్రెంచి పెట్టుబడిదారులు పెద్ద బట్టల మిల్లు పెట్టారు. ప్రారంభించింది దేశాధ్యక్షుడు పోర్ఫిరియో దియాజ్. చుట్టుపక్కల నొగాలెస్, సాంతా రోసాల్లో మరికొన్ని మిల్లులు. జీతంలో కొంత 'వాలే' అనే చీటీలుగా వచ్చేది. వాటిని తీసుకునేది విక్తర్ గార్సిన్ అనే ఫ్రెంచి వర్తకుడి కొట్లు, అదీ విలువ కోసుకుని. అలాంటి కొట్టును అక్కడ 'తియెందా దె రాయా' అంటారు. రాయా అంటే గీత. చదువురాని పనివాడు సంతకానికి బదులు పద్దులో గీత గీసేవాడని ఆ పేరొచ్చిందంటారు. నా కిటికీ ముందు రెవిన్యూ స్టాంపు మీద నొక్కిన వేలిముద్రలు వందలు, వేలు. ఆ గీత నాకు పరాయిది కాదు.

1906లో అక్కడి పనివాళ్లు సంఘం పెట్టుకున్నారు. ఆ డిసెంబరులో యజమానులంతా కలిసి మిల్లులు మూసేశారు. పని లేకపోతే చీటీ లేదు, చీటీ లేకపోతే సరుకు లేదు. క్రిస్మస్ ఆకలితో గడిచింది. జనవరి 4న దియాజ్ తీర్పు చెప్పాడు. అందులో పనివాళ్లకు దక్కింది తక్కువ. 7వ తేదీ సోమవారం పొద్దున్నే అందరూ పనిలోకి రావాలి. కూత కూసింది. జనం మిల్లు ముందు గుమిగూడారు గానీ లోపలికి పోలేదు. పోతున్నవాళ్లను ఆడవాళ్లే ఆపారు. లుక్రేసియా తొరీజ్ అనే మిల్లు మనిషి పేరు అక్కడి చరిత్రలో నిలిచింది. కొద్దిసేపట్లో ఆ గుంపు మిల్లు వైపు కాకుండా గార్సిన్ కొట్టు వైపు తిరిగింది. మొక్కజొన్న, గుడ్డ, దొరికింది దొరికినట్టు పట్టుకుపోయారు. కొట్టు తగలబడింది.

ముందు కొట్టు మీదికే ఎందుకు పోయారన్నది నాకు ఆలోచించాల్సిన అవసరం లేకుండానే అర్థమైంది. మిల్లులో పన్నెండు పదమూడు గంటల చాకిరీ మగవాడిని, పిల్లాడిని అలిసిపోయేలా చేస్తుంది. కొట్టు మాత్రం ఇంటి ఇల్లాలిని రోజూ అవమానిస్తుంది. తూకంలో, ధరలో, బాకీ పద్దులో, కొట్టువాడి చూపులో. తన మొగుడి చెమట చీటీ ముక్కై వచ్చి, ఆ ముక్కకు ముప్పాతిక విలువే అని వినాల్సింది ఆవిడే.

సైన్యం దిగింది. రియో బ్లాంకోలో, నొగాలెస్‌లో, సాంతా రోసాలో కాల్పులు జరిగాయి. చచ్చిపోయినవాళ్లు పదుల్లో అని తక్కువ లెక్క, వందల్లో అని ఎక్కువ లెక్క. తర్వాతి రోజుల్లో సంఘం నాయకులు కొందర్ని కాలిపోయిన కొట్టు శిథిలాల దగ్గరే నిలబెట్టి కాల్చారు. మళ్లీ కూత కూసింది, మగ్గాలు తిరిగాయి. కానీ నాలుగేళ్లు నిండకముందే దేశంలో విప్లవం లేచింది. 1917 ఫిబ్రవరి 5న వచ్చిన కొత్త రాజ్యాంగంలో 123వ అధికరణం ఇలా శాసించింది: జీతం చట్టబద్ధమైన డబ్బుగానే ఇవ్వాలి, సరుకుగా గానీ చీటీగా గానీ బిళ్ళగా గానీ, డబ్బు పేరు చెప్పుకునే మరే గుర్తుగా గానీ ఇవ్వకూడదు. రాజ్యాంగంలోకి 'బిళ్ళ' అన్న మాట ఎక్కిన దేశం ఇంకొకటి నాకు తారసపడలేదు. 2008లో వాల్‌మార్ట్ సంస్థ తన కొట్లలోనే చెల్లే వోచర్లను జీతంలో భాగంగా ఇచ్చిన కేసులో మెక్సికో సుప్రీంకోర్టు ఈ అధికరణాన్నే తీసి చదివింది. ఆ పద్ధతి చెల్లదంది.

అమెరికాలో కోర్టులు మొదట్లోనే కళ్లు తెరవలేదు. 1886లో పెన్సిల్వేనియా రాష్ట్ర సుప్రీంకోర్టు ఒక తీర్పులో, జీతం డబ్బుగానే ఇవ్వాలనే చట్టం పనివాడికే అవమానమంది. అతను తనకు నచ్చినట్టు ఒప్పందం చేసుకోగల మనిషి, అతనికి చట్టం కాపలా ఎందుకు అన్నది ఆ జడ్జీల వాదన. కిటికీకి అవతల నిలబడి చూడని మనుషులు రాసిన తీర్పది. 1901లో టెనెస్సీ కేసులో దేశ సుప్రీంకోర్టు వేరే దారి పట్టింది. చీటీలకు అడిగినప్పుడు నగదు ఇచ్చి తీరాలన్న చట్టం న్యాయమేనని చెప్పింది. లూసియానా, టెక్సాస్ అడవుల్లో కలప మిల్లుల పనివాళ్లు 1910లో పెట్టుకున్న సంఘం కోరికల్లో కూడా రెండు వారాలకొకసారి నగదు జీతం, నచ్చిన చోట కొనుక్కునే స్వేచ్ఛ ఉన్నాయి. నల్లవాళ్లు, తెల్లవాళ్లు ఒక చోట కూర్చోకూడదన్న ఆ రోజుల్లో ఒకే సంఘంలో కూడి అడిగారు వాళ్లు.

షార్లెట్‌కు అరగంట దూరంలో గాస్టోనియా అనే ఊరుంది. అక్కడి లోరే మిల్లు ఎర్ర ఇటుక కట్టడం ఇప్పుడు అద్దె ఫ్లాట్లు. 1929లో ఆ మిల్లులో సమ్మె జరిగింది. దగ్గరున్న బెస్సెమర్ సిటీలో ఎల్లా మే విగిన్స్ అనే మిల్లు తల్లి ఆ సమ్మెకు పాటలు కట్టింది. కోరింత దగ్గుకి నలుగురు పిల్లల్ని పోగొట్టుకున్న మనిషి. జీతం చేతికందిన రోజే కొట్టుబాకీకి పోతుందన్న గోడు ఆమె పాటలో ఉంది. ఆ సెప్టెంబరు 14న సభకు పోతుంటే తుపాకీతో కాల్చి చంపారు. ఆమెకప్పటికి ముప్ఫై నిండలేదు. ఆ కట్టడం చుట్టూ ఒక సాయంత్రం నడిచాను. కిటికీల్లో పూలకుండీలు ఉన్నాయి, ఎవరో పిల్లాడు సైకిలు తొక్కుతున్నాడు.

మన మనుషులకు ఈ బిళ్ళతో చుట్టరికం లేదా అంటే, ఉంది. అస్సాం, సిల్హెట్ తేయాకు తోటల్లో పందొమ్మిదో శతాబ్దంలో కూలీలకు తోట పేరు కొట్టిన బిళ్ళలిచ్చేవారు. చదువురాని వాళ్లు ఆకారంతో పోల్చుకునేలా గుండ్రంవి, కోలవి, మూడుమూలలవి. అక్కడా చిల్లర కరువే మొదటి కారణం. ఆ తోటలకు గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి కూడా జనం పోయారు. ఒప్పందం గడువు తీరకుండా తోట వదిలితే పట్టి జైల్లో వేసే చట్టాలున్న కాలం. వాళ్ల వారసులు ఇవాళ్టికీ అస్సాంలో ఉన్నారు, బంగ్లాదేశ్‌లో శ్రీమంగళ్ చుట్టుపక్కల తోటల్లో తెలుగు మాట్లాడుతూ ఉన్నారు. శ్రీకాకుళం నుంచి పోయిన ఒక ముత్తవ్వ ఆ మూడుమూలల బిళ్ళను గుప్పిట్లో పెట్టుకుని, ఇంటికి పోయే దారిఖర్చు దీంతో వస్తుందా అని ఎన్ని రాత్రులు అనుకుందో.

బిళ్ళను చట్టమొక్కటే చంపలేదు. 1938లో అమెరికాలో వచ్చిన కనీస వేతన చట్టం కింద రాసిన నిబంధనల్లో స్క్రిప్‌లు, టోకెన్లు జీతం కిందికి రావని స్పష్టంగా ఉంది. వాటి పక్కనే 'డోప్ చెక్కులు' అన్న మాట కూడా కనిపించి ఆగాను. కరోలినా మిల్లుల్లో మగ్గాల మధ్య తిరిగే శీతలపానీయాల బండిని డోప్ బండి అనేవారు. దాని దగ్గర వాడే చీటీలవి. ఢిల్లీ రాసినా వాషింగ్టన్ రాసినా చట్టం పొడిగా ఉంటుందనుకునేవాణ్ణి. ఆ ఒక్క మాట చూశాక, మిల్లు లోపల తిరిగి చూసిన మనిషెవరో ఆ నిబంధన రాశారనిపించింది. చట్టం వచ్చాక కూడా కొన్ని బొగ్గు ఊళ్లలో జీతంలోంచి ముందస్తు పేరుతో 1950ల దాకా బిళ్ళలు ఆడాయి. అసలు దెబ్బ కొట్టింది కారు, తారురోడ్డు. పాత ఫోర్డు కారొకటి సంపాదించుకుని శనివారం నలుగురూ కలిసి టౌనుకు పోయి సగం ధరకు పిండి మూట తెచ్చుకున్న రోజున కంపెనీ కొట్టు పని అయిపోయింది. కంపెనీలు ఇళ్లు అమ్మేసుకున్నాయి, కొట్లు మూసేశాయి. బిళ్ళల్ని పీపాల్లో పోసి తుక్కుకు తూచారు. మిగిలినవి గాజుపళ్లెంలోకి చేరాయి.

ఆ పద్ధతి పోయినందుకు నాకు దుఃఖం లేదు. పోవాల్సిందే పోయింది. నేను చేతులు జోడించేది బిళ్ళకి, దాన్ని అరగదీసిన వేళ్లకి. ఆ ఊళ్ల మనుషుల పేర్లు పద్దుల్లో ఉండేవి, పద్దులు కాలిపోయాయి. ఇళ్లు పడిపోయాయి. వాళ్లు రోజూ తాకిన వస్తువుల్లో చెక్కుచెదరకుండా మన చేతికందింది ఇదొక్కటే. కంపెనీ పేరును చెరిపేసింది కూడా వాళ్ల బొటనవేళ్లే. పిల్లాడికి బెల్లం ముక్క కొందామా, దీపానికి నూనె కొందామా అని గుప్పిట్లో నలిపినప్పుడల్లా ఒక్కో అక్షరం పోయింది.

ఊరికి తిరిగొచ్చాక ఒక సాయంత్రం రీలింగు అక్క ఇంటికి పోయాను. మా మిల్లు మూతపడి చాలా ఏళ్లయింది. ఆవిడకి చూపు ఆనడం లేదు. వరండాలో నులకమంచం మీద కూర్చుని ఉంది. గొంతు పోల్చి, "గుమస్తా బాబా?" అంది. బిళ్ళ చేతిలో పెట్టాను. ఎక్కడిదో, ఏమిటో చెప్పాను. చిల్లులో వేలు పెట్టి చూసింది, అంచు చుట్టూ తడిమింది.

"ఎవురిదయ్యా ఇది?"

"తెలీదక్కా. పేరు అరిగిపోయింది."

"ఆడమనిషిదే అయ్యుంటది" అంది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. నాకు ఆ దసరా, ఆ గులాబీ కూపను గుర్తొచ్చాయి. ఆవిడకు గుర్తున్నాయో లేదో అడగబోయాను.

"పాపం, ఆ తల్లి చెల్లెల్ని ఏ ఊరిచ్చారో" అంది.

బిళ్ళను కొంగు చివర పెట్టి ముడేసుకుంది. నేను తిరిగి అడగలేదు.